గుమ్మం ముందరి రావణాసురుడి మీసాలు

సముద్రపుటిసుకపై పాకే ఒక ముళ్లగడ్డిని మా తీరంలో రావణాసురుడి మీసాలంటారు. వెండిపూత పూసినట్లు తెల్లబారిన ఆకులు, సూదుల వంటి కొనలు. ఏ మహానుభావుడు పెట్టిన పేరో గాని, చక్కని రూపకం. ఆ రూపకమే నాకు చేటు తెచ్చింది.

తెలుగు పండితుడిగా ఈ ఊరు చేరిన కొత్తలో, వేసవిగాలికి ఇసుక మా వంటింటి దాకా వచ్చేది, అన్నంలో కరకరలాడేది. నా ఇల్లాలు మండపేట దగ్గర వరిపొలాల మధ్య పెరిగిన మనిషి. ఆషాఢపు వానలు పడగానే ఒడ్డునుండి ఆ గడ్డితీగలు కోసి తెప్పించి, కుచ్చిళ్లు పైకి దోపుకొని, వరినారు ఊడ్చినట్లే వాకిటి ముందు వరుసలు తీర్చి నాటింది. చేపల గంపలతో పోతున్న స్త్రీలు ఆగి చూశారు.

"ఇసకలో ఊడుపేంటండి, పంతులమ్మగారూ! కోతలకి మమ్మల్ని కూడా పిలవండేం!"

"పిలుస్తాను. కొడవళ్లు మీవే తెచ్చుకోండి," అన్నది ఆమె, నడుము ఎత్తకుండానే.

గాలి మోసుకొచ్చిన ఇసుక ఆ గడ్డి మొదళ్లలో నిలిచిపోసాగింది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడొక దిబ్బ లేచింది. మా అన్నం శుభ్రపడింది. ఆమె గతించిన తరువాత, ఆమె చేతిపనిగా నాకు మిగిలినది ఆ దిబ్బ ఒక్కటే.

మాకు సంతానం లేదు. ఆబ్దికం నేనే పెడతాను. కిందటి పుష్యమాసంలో, ఆ తిథికి ముందునాడు రాజమండ్రి వెళ్లి సాయంకాలానికి తిరిగి వచ్చేసరికి వాకిటి దిబ్బ గడ్డి లేక బోసిగా ఉన్నది. పక్క కొబ్బరితోట రైతు, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు, పార ఆనించుకొని చెమట తుడుచుకుంటున్నాడు.

"మొత్తం పీకించేశానండి మాస్టారూ! రేపు అమ్మగారి ఆబ్దికం కదండి. గుమ్మం ముందు రాక్షసుడి పేరేంటండి, అపచారం!"

"రావణుడు బ్రాహ్మణుడేనయ్యా," అన్నాను.

"ఆయ్, అదేనండి నా భయం! భోక్తగా వచ్చి కూర్చుంటే పది నోళ్లకి వడ్డించగలమాండి?"

నేనూ నవ్వాను. అతని ముఖంలోని సంతోషం చూసి నిజం చెప్పడానికి నోరు రాలేదు. మరునాడు మంత్రం నడుమ తడబడ్డాను. దృష్టి వాకిటిపైనే ఉన్నది.

వేసవిలో దక్షిణపు గాలి దిబ్బను దినదినమూ కోసుకుపోయింది. ఆ ఇసుకనే ఇంట్లో ఊడ్చి ఎత్తిపోసుకునేవాణ్ణి. తొలకరి నాటికి దిబ్బ నేలమట్టమైంది. చీపురుతో నన్ను చూసి అతడే పలకరించాడు.

"కడియం నర్సరీల నుంచి క్రోటన్లు తెప్పిస్తానండి. అడ్డంగానూ ఉంటాయి, అందంగానూ ఉంటాయి."

"నాకు ఆ మీసాలే కావాలి."

"మళ్లీ రావణాసురుడేనాండి! ఎందుకండి?"

"అవి మీ అమ్మగారు నాటినవయ్యా."

అతడు తల వంచుకున్నాడు. "ఆ రోజే తిట్టొచ్చు కదండి," అన్నాడు.

మరునాడే గడ్డితీగలు మోపుగా తెచ్చాడు. తోట రైతు కనుక, ఎడమెడంగా గోతులు తీసి గుత్తులుగా పాతాడు. వరుసలు తీర్చమని చెప్పబోయి మానుకున్నాను.

అవి బతికాయి. ఒక్కొక్క గుత్తి చుట్టూ చిన్న పోగుగా ఇసుక చేరుతున్నది. ఆ పోగుల సందుల్లోనుండి, ఇన్నేళ్లూ దిబ్బ చాటున ఉండిన సముద్రం ఇప్పుడు ఇంట్లోకి కనిపిస్తున్నది. దిబ్బకు ఎదురుగా వేసుకునే కుర్చీని నేను పెరటివైపుకు మార్చుకున్నాను.