మా ఇంటి నాలుగు ఓట్లు

మా చిన్నమ్మ గెలుపును ఒకే ఒక్క మాటతో ముంచబోయిన ఘనత నాది. మీరు నవ్వుకోండి. ఆ రోజు నా గుండె ఎక్కడికి జారిందో మాత్రం అడగకండి.

పెద్దమందడి దగ్గర మా ఊళ్లో చిన్నమ్మ వార్డు మెంబరుగా నిలబడింది, స్టూలు గుర్తు మీద. మా వైపు ఆడవాళ్లు ఓటడిగే ముందు బొట్టు పెడతారు. పెట్టించుకున్నారంటే సగం మాట ఇచ్చినట్టే. కుంకుమ భరిణె నా చేతికిచ్చారు. నేనా, ఎవరైనా పేరడిగితేనే తడబడే మనిషిని. వనపర్తి హాస్టల్లో పుస్తకాల వెనక దాక్కుని పెరిగినదాన్ని, వాడకట్టులో సగం ముఖాలు తెలియవు. అందుకే నాలుగు వాక్యాలు డైరీలో రాసుకుని, బట్టీ పట్టి బయల్దేరాను.

మొదటి ఇంటివాళ్లు మమ్మల్ని చూసి తలుపేసుకున్నారు. రెండో ఇంటి పెద్దాయన తలుపు తీశాడు, అది ఇంకా ఘోరం. పోయినసారి మెంబరు మా చిన్నాయనే. ఆయన కట్టిస్తానన్న మురుగు మోరీ ఏదని పెద్దాయన నన్ను నిలదీశాడు, సిమెంటంతా నేనే దాచుకున్నట్టు. మూడో ఇంటి అవ్వ నుదుటి మీదికి కొంగు లాక్కుంది.

"బొట్టు వద్దు, ఏం వద్దు. మోరిల పడి నా కాలిరిగితే ఒక్కరన్న చూడనీకొచ్చిండ్రా?"

చిన్నమ్మ అక్కడే ఆమెను బతిమాలుతూ ఉండిపోయి, నన్ను ముందుకు నడవమంది. ఒక్కదాన్నే. ఇక నేను మనుషుల చెప్పులు తప్ప ఏమీ చూడలేదు.

నాలుగో ఇంటి ముందు ఒకావిడ తలకు తువ్వాలు చుట్టుకుని బిందె తోముతోంది. నన్ను తిట్టలేదు. అంతే, ప్రాణం లేచొచ్చింది. గబగబా బొట్టు పెట్టి, నాలుగు వాక్యాలూ ఊపిరి తీయకుండా అప్పజెప్పాను. ఆమె ఓపిగ్గా విని, మంచినీళ్లిచ్చి, లోపల్నుంచి తన భరిణె తెచ్చి నా నుదుట బొట్టు పెట్టింది.

"గౌను గుర్తు నాదే బిడ్డా. మీ ఇంట్ల ఎన్ని ఓట్లున్నయ్?"

అప్పుడు ఆమె ముఖం సరిగ్గా చూశాను. ఊరి గోడల మీద పోస్టర్లలో నగలేసుకుని నవ్వుతున్న మా ప్రత్యర్థి. బొట్టు పెట్టిన మనిషికి కాదని ఎలా చెప్పాలో నేను రాసుకోలేదే.

"నాలుగు అత్తా. నాలుగూ నీకే ఏస్తం."

అందులో ఒకటి చిన్నమ్మది. ఆమె నా వెనకే వచ్చి నిలబడి ఉంది.

సాయంత్రానికి కబురు వాడకట్టంతా పాకింది. సొంతింటివాళ్లే వేయని మనిషికి మనమెందుకు వేయాలని జనం అడగసాగారు. తీరా ఓట్లు లెక్కపెడితే, చిన్నమ్మ ఒకే ఒక్క ఓటు తేడాతో గెలిచింది.

మర్నాడు ఆ అత్త మా ఇంటికొచ్చింది. అందరి ముందూ నన్నే చూసి, "బొట్టు పెట్టించుకొని మాట తప్పినవ్ గద బిడ్డా" అంది.

"ఏమనుకోకు అత్తా. వచ్చేసారి పక్కా నీకే ఏస్తం."

చిన్నమ్మ కుంకుమ భరిణె తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళమేసింది.

కాబట్టి సమస్త ఓటర్లకు ఇందుమూలంగా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇకమీదట ఓటడగడానికి నేను ఏ గడపా ఎక్కను. ఎవరైనా మా గడప ఎక్కితే, నేను ఇంట్లో లేనని నేనే స్వయంగా వచ్చి చెబుతాను.