చందనం పూసిన హార్డ్‌డిస్క్

నిరుడు తమిళుల ఆడి నెలలో ఒక మధ్యాహ్నం, తిరువళ్ళూరు స్టేషన్ రోడ్డులోని నా దుకాణంలో, మునిరత్నం గొంతు స్పీకర్లోంచి వినబడింది. "పోగు తెగిందిరా, కొంజం నిలుపు!" అని ఎవరినో కేకేస్తున్నాడు. వెనక మగ్గాల చప్పుడు. అదే మునిరత్నం నా పక్కన స్టూలు మీద కూర్చుని తెర వైపు చూస్తున్నాడు. ఆ కేక విని తన గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు. అక్కడ ఆపరేషన్ చేసిన రంధ్రం ఉంది. గడ్డతో పాటు స్వరపేటికను కూడా తీసేశారు. ఆయన మాట్లాడి అప్పటికి చాలా కాలమైంది.

నా వృత్తి డేటా రికవరీ. అంటే చెడిపోయిన కంప్యూటర్లలో, ఫోన్లలో చిక్కుకుపోయిన ఫొటోలు, వీడియోలు వెలికితీయడం. అంతకు ముందు ఒక దినపత్రికలో ఫొటోలు భద్రపరిచే విభాగంలో పనిచేశాను. ఈ పని అక్కడే పట్టుబడింది.

మునిరత్నానిది తిరుత్తణి. నేతపని. ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది కూతురు మల్లిక. మొదటిసారి వచ్చినప్పుడు చంకలో చంటిబిడ్డ, చేతిలో పెన్‌డ్రైవ్.

"అన్నా, మా నాయన గొంతు కావల్ల," అంది.

వాళ్ళ ఇళ్ళలో బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజు తాత ఆ బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. తాత బతికుండగా ఆ పని ఇంకొకరు చెయ్యరు. శుభకార్యాలు పెట్టుకోని ఆడి పోయి, ఆవణి నెల పుట్టగానే ఉయ్యాల. తాత ఉన్నాడు, గొంతు లేదు. పాత వీడియోల్లో ఆయన మాట ఉంటుంది కదా, అది తీసి ఫోన్లో పెట్టి వినిపించాలని మల్లిక ఆలోచన.

"పాపకు ఏం పేరు అనుకున్నారమ్మా?"

"ఇంగా అనుకోలేదన్నా. ఆయన నోట్లో యే పేరు దొరికితే ఆ పేరే."

మునిరత్నం సంచిలోంచి పలక తీసి ఏదో రాశాడు. మల్లిక దాన్ని నా వైపు తిప్పింది.

"చదువన్నా. నాకు తమిళం చదివేదే వచ్చు, తెలుగు చదివేది రాదు."

'ఈ పిల్లకు పిచ్చి' అని ఉంది. చదివి చెప్పాను.

"అదా! గొంతుండేటప్పుడూ అదే అంటాండె," అని ఆమె బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

పెన్‌డ్రైవ్ తెరిస్తే వీడియోలన్నీ వరసగా చిన్న చిన్న బొమ్మలుగా కనిపించాయి. దేన్ని నొక్కినా ఫైలు లేదని వచ్చింది. ఇది నేను తరచూ చూసే పొరపాటు. కంప్యూటర్లో ఫొటోలు, వీడియోలు చూపించే సాఫ్ట్‌వేర్‌కు లైబ్రరీ అని ఒకటి ఉంటుంది. అది గ్రంథాలయంలో పుస్తకాల పట్టీ లాంటిది. పుస్తకాలు బీరువాలో ఉంటాయి. మల్లిక తమ్ముడు కుమార్ ఇంట్లోని పాత కంప్యూటర్ నుంచి పట్టీని మాత్రం కాపీ చేసుకుని బ్యాకప్ అయిందనుకున్నాడు.

"పాత కంప్యూటర్ చెడిపోయినప్పుడు దాంట్లోని హార్డ్‌డిస్క్ యాడ పెట్టినారు?" అని అడిగాను.

మల్లిక తండ్రి వైపు చూసింది. ఆయన రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. పోయిందని చెబుతున్నాడేమో అనుకున్నాను.

"దేవుని గూట్లో ఉండాదన్నా," అంది మల్లిక.

మర్నాడు పసుపుగుడ్డలో చుట్టి తెచ్చారు. ఎన్నో ఏళ్ళ చందనం పొర మీద పొరగా ఎండి, పైన కుంకుమ నల్లబడి ఉంది. ఆయుధ పూజకు మగ్గంతో పాటు నూలు విసిరే నాడె, పోగులు సర్దే అచ్చు, కత్తెర అన్నిటికీ బొట్టు పెట్టేటప్పుడు దీనికీ పెట్టారు. కుటుంబమంతా ఇందులో ఉంది కాబట్టి ఇదీ పనిముట్టే అని మునిరత్నం లెక్క.

"ఆకుపచ్చగా ఉండే వైపే ఎందుకు పెట్టినారమ్మా?"

"అదే గదన్నా మొకం మాదిరి ఉండేది."

ఆకుపచ్చ వైపు ఉండేది సర్క్యూట్ బోర్డు. డిస్కును నడిపే విద్యుత్తంతా దాని మీదే. తడి చందనం ఏటేటా దాని కింద కరెంటు దాటే రాగి చుక్కల దాకా దిగి చిలుము పట్టించింది. నీళ్ళలో మునిగినవి, ఎలకలు కొరికినవి చాలా చూశాను. పూజలందుకుని చెడినది నాకు ఇదొక్కటే.

"అయ్యా, చందనం వల్లే చెడింది ఇది," అన్నాను కాస్త గట్టిగానే.

మునిరత్నం నెమ్మదిగా రాసి పలక చూపించాడు. 'బొట్టు లేకుంటే కుమార్ పాత ఇనుముకు వేసుంటాడు.'

మల్లికకు చదివి వినిపిస్తే నిజమేనంది. కుమార్ ఒకసారి దాన్ని పాత సామాన్ల గోతంలో వేశాడట. కుంకుమ చూసి పాత సామాన్లవాడే భయపడి తిరిగి ఇచ్చాడట.

బోర్డు మరలు విప్పి, చందనాన్ని స్పిరిట్‌తో కరిగించి, చిలుము పట్టిన చోట్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. ఈ రబ్బరు చిట్కా మా పనిలో అందరికీ తెలిసినదే. డిస్క్ తిరిగింది. అయితే కుమార్ పలుమార్లు కరెంటిచ్చి చూసినందువల్ల లోపల అక్కడక్కడ గీతలు పడ్డాయి. ఇలాంటి డిస్కులో ఫైళ్ళు తెరిచి చూడకూడదు. ముందు ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కులోకి దించుకోవాలి. దాన్ని ఇమేజింగ్ అంటారు. దించాక అసలు దాన్ని పక్కన పెట్టేశాను.

అలా దొరికిన మొదటి వీడియోలోదే పోగు తెగిందన్న ఆ కేక. తర్వాత పేరు కోసం వినడం మొదలుపెట్టాం. అసలు కష్టం అక్కడ వచ్చింది. భార్యను ఆయన 'ఏమే' అనే పిలిచాడు. కొడుకును 'రేయ్' అన్నాడు. కూతురు 'పాప'. పక్క మగ్గం వాళ్ళు 'బావా', 'మామా'. అంత మాటకారి మనిషి నోట ఒక్క మనిషి పేరు లేదు. మల్లిక ముఖం వాడిపోతూ వచ్చింది. బిడ్డ నిద్రలేచి ఏడ్చింది.

చివరికి పెరడులో తీసిన ఒక వీడియోలో స్పష్టంగా వినబడింది. "గంగా! రామ్మా, రా. రా తల్లీ."

మల్లిక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నా, అది మా ఆవన్నా!"

మునిరత్నం భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు లేని నవ్వు. పలక మీద రాశాడు. 'మంచి ఆవు. తన్నేది కాదు.'

"మా అత్తోళ్ళకు ఆవని చెప్పబాకన్నా, నీకు పుణ్యం," అంది మల్లిక.

ఆవణిలో ఉయ్యాలకు నన్నూ పిలిచారు. మునిరత్నం ఫోన్‌ను తానే పట్టుకుని బిడ్డ చెవి దగ్గర పెట్టాడు. 'గంగా' అన్న ముక్క మూడుసార్లు మోగింది. మూడుసార్లూ ఆయన పెదవులు కూడా కదిలాయి. మల్లిక అత్తగారు గంగ మంచి పేరంది.

ఈ కేసు తర్వాత నా అలవాటు ఒకటి మారింది. ఎవరైనా వస్తే ఏది చెడిందని ముందు అడగను. ఇన్నాళ్ళూ దాన్ని ఇంట్లో ఎక్కడ ఉంచారని అడుగుతాను.

ఒక వీడియో మాత్రం పూర్తిగా రాలేదు. ఇంటి ముందు అందరూ కూర్చుని ఉన్నారు. మునిరత్నం భార్య కూడా ఉంది, ఆమె ఇప్పుడు లేదు. ఆయన ఆమె వైపు తిరిగి నోరు తెరుస్తాడు. అక్కడ గీత పడిన చోటు వస్తుంది. బొమ్మ నిలిచిపోతుంది, శబ్దం పోతుంది. మళ్ళీ కదిలేసరికి అందరూ పగలబడి నవ్వుతుంటారు, ఆమె కొంగుతో ముఖం కప్పుకుని ఉంటుంది. ఏమన్నావని మల్లిక అడిగింది. ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూసి, గుర్తు లేదని రాశాడు. అప్పుడు అక్కడున్న వాళ్ళను అడిగినా ఎవరికీ గుర్తు లేదు. డిస్క్ తిరుత్తణిలో దేవుని గూట్లోనే ఉంది. ఇప్పుడు దాన్ని ఒక డబ్బాలో ఉంచి, బొట్టు ఆ డబ్బాకు పెడుతున్నారు. గీత పడిన ఆ కాస్త చోటు నేను వాడే ఏ పరికరంతోనూ చదవడానికి రాలేదు.