మూడు ఏడైన రోజు

ఆ రక్తపరీక్షల ల్యాబులో అందరూ ఆమెను వైర్లక్క అనేవారు. సీసాల మీది లేబుళ్లను చదివే రీడర్లను కంప్యూటర్లకు కలపడం ఆమె పని. వేగం సెకనుకు తొమ్మిదివేల ఆరువందల బిట్లు, అక్షరానికి ఏడు బిట్లు, తప్పు పట్టుకోవడానికి పారిటీ అనే ఇంకో బిట్టు. రెండువైపులా ఇవి ఒకేలా ఉంటేనే రీడరు చెప్పింది కంప్యూటరుకు అర్థమవుతుంది.

ఒకసారి కేబులు పాడై, తప్పు దొర్లినప్పుడల్లా కంప్యూటరు కీచుమనడం మొదలుపెట్టింది. కేబులు మార్చమని ఆమె మూడుసార్లు రాసిచ్చింది. ఇన్‌చార్జి మార్చలేదు సరికదా, ఆమె సెలవులో ఉన్న రోజు రెండువైపులా పారిటీ తీసేశాడు. కీచులు ఆగాయి, తప్పులు ఆగలేదు. ఒక నంబరులో మూడు ఏడై, ఒకరి ఫలితం ఇంకొకరికి పోయింది. ఎక్కించకూడని మందు ఎక్కించబోయి చివరి నిమిషంలో ఆపారు.

"సెట్టింగులన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయండీ," అన్నాడు ఇన్‌చార్జి విచారణలో. ఆమె మాట ఎవరూ వినలేదు. ఉద్యోగం ఊడింది.

ఆరేళ్లు రిపేరు షాపులో కీబోర్డులు విప్పుతూ ఆ ఒక్క మాటనే నెమరేసుకుంది.

"ఇక మర్చిపోవే," అనేది ఆమె సొంత అక్క.

"మర్చిపోతే వాడికి మేలు చేసినట్టేగా!"

ల్యాబుకు కొత్త రీడర్లు వచ్చాయి. ఒక్కటీ పనిచేయలేదు. కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మ షాపుకు ఫోన్ చేసింది. వైర్లక్క వెళ్లేసరికి అదే ఇన్‌చార్జి, అదే పాత కంప్యూటరు, వెనక మూగిన ల్యాబు సిబ్బంది.

"ముందు పాత సెట్టింగులు చూడాలి మేడమ్. ఎప్పుడు ఏం మార్చారో అన్నీ ఇందులో ఉంటాయి. సార్ చదివితే నేను రాసుకుంటా."

ఇన్‌చార్జి ముఖం పాలిపోయింది. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా?"

"చదవండి సార్. వెనకున్నవాళ్లకీ వినపడాలి."

తేదీ చదివాడు. "పారిటీ... తొలగింపు."

"ఎవరు తొలగించారట?"

డైరెక్టరమ్మ వంగి తెర చూసింది. "ఇది మీ పేరే కదండీ?"

"ఆ రోజు నేను సెలవు. హాజరు పుస్తకం తెప్పించి చూడండి మేడమ్," అంది వైర్లక్క.

తర్వాత తాపీగా పదకొండు రీడర్లూ సరిచేసింది. ప్రతి కేబులూ అతని చేతే, బల్లల కింద మోకాళ్ల మీద పాకించి మరీ పెట్టించింది.

నెల తిరక్కుండా అతన్ని తీసేశారు. ఆ కుర్చీ ఆమెకిచ్చారు.

"కసి తీరిందా?" అడిగింది అక్క.

"సగం."

ఒక ఆదివారం అతను క్షమాపణ చెప్పుకుందామని ఇంటికొచ్చాడు. నాలుగుసార్లు తలుపు తట్టాడు. ఆమె గడియ మీద చెయ్యి వేసి, అతను మెట్లు దిగిపోయే చప్పుడు పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడింది.