చీరలాయన

2006 శ్రావణ మాసం, మొదటి మంగళవారం, ఉదయం పదిన్నర. ఆ హెడ్ కానిస్టేబుల్‌గారిని తెనాలి స్టేషనులో అప్పుడే మొదటిసారి చూశాను. రేపల్లె బస్సులో ఒకావిడ పర్సు పోయిందట. ఆవిడ పక్కన చీరల మూటతో నిలబడ్డాడని మా తమ్ముణ్ణి బస్సులోంచి లాగి స్టేషనుకు తెచ్చారు; కబురు విని నేనూ పరుగెత్తాను.

వాడు ఇంటింటికీ తిరిగి చీరాల చీరలు అమ్ముతాడు. దొంగ అన్న మాట ఒక్కసారి వీధిలో పడితే ఇక ఏ ఇల్లాలూ వాణ్ణి వసారా ఎక్కనివ్వదు.

“ఆ దొంగ తాలూకానా పిన్నిగారూ?” అన్నాడు గుమ్మం దగ్గరి కానిస్టేబుల్.

హెడ్డుగారు బస్సును ఆపుతున్నట్టు చెయ్యెత్తారు. “ఆ మాట కోర్టు అనాలయ్యా, మనం కాదు. చీరలాయన అను.”

“మరి లోపలున్న జేబులు కొట్టేవాడో సార్?”

“మళ్ళీ వచ్చినాయన.”

“మా ఆవిడైనా నన్నింత మర్యాదగా పిలవదండి!” లోపలి నుంచి ఆ మనిషే నవ్వాడు.

ఇంతలో పత్రికాయన కెమెరాతో దిగాడు. “దొంగేడి సార్? ఓ ఫొటో!”

మళ్ళీ చెయ్యి లేచింది. “ఇంకా తేలలేదండి. చీరలాయనతో మాట్లాడుతున్నాం, అంతే. ఫొటో లేదు.”

పన్నెండు కాకముందే రేపల్లె డిపో నుంచి ఫోనొచ్చింది. పర్సు సీటు సందులో దొరికింది. హెడ్డుగారు తమ్ముడి వైపు తిరిగారు.

“వెళ్ళిరండి చీరలాయనా. వరలక్ష్మీ వ్రతం లోపల మా ఇంటికీ ఓసారి రండి. డబ్బిచ్చే కొంటాంలెండి.”

మర్నాడు తమ్ముడు బాపట్లలో ఎప్పటిలాగే వసారాల్లో మూట విప్పాడు. ఆ మంగళవారం మాకు పోయినవి: ఒక పూట బేరం, రెండు చీరల ఇస్త్రీ, వాడి ఎడమకాలి చెప్పు.