అన్న కాలి కింద తాళం

పోయినవాళ్ళు తిరిగి వస్తారనీ, మనకు కనిపిస్తారనీ నేను ఏనాడూ నమ్మలేదు. అలాగని పెద్ద చదువులేమీ చదవలేదు. నా పని అలాంటిది, అంతే. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒక లైట్ మ్యూజిక్ ట్రూప్‌లో రిథమ్ ప్యాడ్ వాయిస్తాను. సౌండ్ చూసుకునేదీ నేనే. స్పీకర్‌లో ఎవరో మూలిగినట్టు వినిపిస్తే మావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు, నేను వెళ్ళి ఎర్త్ వైరు చూస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దయ్యం దొరకలేదు. ప్రతిసారీ వదులైన వైరే దొరికింది.

ప్రోగ్రాం మొదలయ్యే ముందు స్టేజీ వెనక టీలు తాగుతూ మేం మాట్లాడుకునేదంతా సామాను గురించే. ఏ మైకుకు గాలి ఎక్కువ పడుతుంది, ఎవరి కీబోర్డు ఎండకు మొరాయించింది, ఏ పాట మధ్యలో ఏ జనరేటర్ ప్రాణం వదిలింది. అవి అయిపోయాక ఎవడో ఒకడు దయ్యం కథ ఎత్తుకుంటాడు. ఎత్తుకున్నవాణ్ణి ఏడిపించి వదిలిపెట్టేది నేనే.

ఈ మధ్య ఏడిపించడం మానేశాను. ఎందుకని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరు కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై పోయే రోడ్డు మీద దిగి లోపలికి నడవాలి. నల్లరేగడి నేల. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా కులదేవత జక్కమ్మ పండగకు మా మగవాళ్ళు గజ్జెలు కట్టుకుని, చేతుల్లో రుమాళ్ళు పట్టుకుని దేవరాట్టం ఆడతారు. ఆ ఆటకు పాట లేదు. దేవదుందుభి ఒక్కటే ఆధారం. నడుము సన్నగా ఉండే డోలు అది. ఒక పక్క కర్రతో కొడతారు, రెండో పక్క వంకర కర్రతో రుద్దుతారు. రుద్దినప్పుడు వచ్చే ధ్వని నా ప్యాడ్‌లో ఎంత వెతికినా దొరకదు.

దుందుభి ఊరిది. కానీ ఉండేది వాయించేవాడి ఇంట్లో. మా నాయన ఉన్నన్నాళ్ళూ ఆయనే వాయించాడు. ఆయన పోయాక మా అన్న ఎతిరాజు చేతికి వచ్చింది. వాయించేవాడి చెయ్యి తడబడుతోందని తోస్తే పెద్దలు తాంబూలం పెట్టి దాన్ని ఇంకొకరి ఇంటికి మారుస్తారు. తిట్టడాలు, గొడవలు ఉండవు. దుందుభి లేచి వెళ్ళిపోతుంది. ఆ ఇంటివాళ్ళు ఆ తర్వాత పండగకు వచ్చి ఒక పక్కన నిలబడి చూస్తారు. అలా నిలబడ్డవాళ్ళను నేను చూశాను, నాకు చాలా బాధ కలిగేది.

నాయన అన్నకొక్కడికే నేర్పాడు. నేను చిన్నప్పుడే ఆర్కెస్ట్రావాళ్ళ వెంట పడిపోయాను. వాళ్ళిద్దరూ పొలం గట్టున ఎలా సాధన చేసేవారో నేను ఏనాడూ దగ్గరుండి చూడలేదు.

అన్న విరుదునగర్ దగ్గర పవర్‌లూమ్ షెడ్డులో పని చేస్తాడు. మగ్గాల మోత మధ్య జీవితం గడిపినవాళ్ళకు చెవులు ఏమవుతాయో ఆ వైపు అందరికీ తెలుసు. అన్నకూ అలాగే చెవుడు వచ్చింది. కానీ ఎవరికీ తెలియనివ్వలేదు. నలుగురు నవ్వితే తనూ నవ్వేవాడు. ఫోన్ మోగితే వదినకు ఇచ్చేసేవాడు. పెదవులు చూసి మాట పట్టుకోవడంలో ఆరితేరిపోయాడు.

మనుషుల పెదవులు చూడొచ్చు గానీ గజ్జెలకు పెదవులుండవు గదా. దుందుభి వాయించేవాడు ఆటగాళ్ళ గజ్జెలు వింటూ వేగం పట్టి ఉంచాలి. ఒక పండగలో అన్న తనకు తెలియకుండానే తాళంలో పరుగెత్తాడు. ఆటగాళ్ళ కాళ్ళు చిక్కుపడ్డాయి. అప్పటికి ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడాదంతా మాత్రం పెద్దలు గుసగుసలాడుకున్నారని మాకు తెలుస్తూనే ఉంది.

మరుసటి పండగ దగ్గరపడ్డాక అన్న కోవిల్‌పట్టిలో మా ఇంటికి వచ్చాడు. సంగతి చెప్పాడు. చెవి మిషన్ పెట్టుకోమన్నాను. పెట్టుకుంటే అందరికీ తెలిసిపోతుందన్నాడు.

"దుందుబి మనింటినించి పోతే, రేపు సచ్చినాక నాయన మొగం ఎట్ట సూసేదిరా?" అన్నాడు.

మా అన్న నన్ను ఏనాడూ ఏమీ అడిగినవాడు కాదు. ఆ రోజు అడిగాడు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే కాబట్టి దాన్నే నమ్ముకున్నాను. పెద్ద ట్రూపుల్లో డ్రమ్స్ వాయించేవాళ్ళు తమ స్టూలు కింద ఒక చిన్న పరికరం బిగించుకుంటారు. దానికి చప్పుడుండదు, తాళానికి తగ్గట్టు అదురుతుంది, అంతే. చెవికి బదులు ఒంటికి వినిపిస్తుంది. మదురైలో తెలిసిన స్నేహితుడి దగ్గర ఒకటి అరువు తెచ్చాను. ఒక చెక్కపలక కింద బిగించి, ప్లాస్టిక్ కాగితం చుట్టాను. ఆటలో ముందుండే కామయ్య మామ నడుముకు చిన్న వైర్‌లెస్ మైకు తగిలిస్తాను. ఆయన గజ్జెల చప్పుడు నా మిక్సర్‌కు, అక్కణ్ణుంచి పలకకు, పలక నుంచి అన్న పాదాలకు చేరుతుంది. మా ఇంటి మిద్దె మీద నేనే గజ్జెలు కట్టుకుని గెంతి చూపించాను. అన్న కళ్ళు మూసుకుని నిలబడి, ప్రతి అడుగుకూ తల ఊపాడు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ అన్నకూ ప్రాణం లేచొచ్చింది.

పండగనాడు పొద్దున్నే, అన్న నిలబడేచోట, పందిరి గుంజ పక్కన మట్టి తవ్వి పలకను పాతిపెట్టాను. పైన మట్టి కప్పి, వైరు కూడా మట్టిలోనే దాచి, దూరంగా మిక్సర్ దాకా తెచ్చాను. అన్నకు ఆ చోటు చూపించి గుంజను ఆనుకుని నిలబడమన్నాను. తర్వాత కామయ్య మామకు మైకు తగిలించడానికి వాళ్ళింటికి వెళ్ళాను. సౌండ్ కోసమని చెప్పాను.

తిరిగి వచ్చేసరికి నేలంతా ఊడ్చి, పేడనీళ్ళు చల్లి ఉంది. ప్లాస్టిక్ చుట్టాను గదా, ఫరవాలేదు అనుకున్నాను.

ఆట మొదలైంది. మంచి ఎండ. జనం అన్న చుట్టూ మూగారు, నాకు అతని తలపాగా తప్ప ఏమీ కనబడటం లేదు. మిక్సర్‌లో గజ్జెల చానల్ లైటు అడుగడుక్కీ వెలుగుతోంది. ఆంప్లిఫయర్ కూడా పని చేస్తోంది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మొదట నెమ్మదిగా ఉండే అడుగులు, తర్వాత వంగి తిరిగే అడుగులు, ఆ తర్వాత కిందటేడు కాళ్ళు చిక్కుపడిన వేగం అడుగులు. అన్న ఎక్కడా తొణకలేదు. వేగం పెరగాల్సినచోట పెరిగింది, ఆగాల్సినచోట ఆగింది. గజ్జెలూ దుందుభీ ఒక్కటే చప్పుడయ్యాయి. ఎన్నో స్టేజీలు చూశాను, అంత గట్టి తాళం నేను వినలేదు. మిక్సర్ ముందు కూర్చుని ఏడ్చేశాను.

ఆట ముగిశాక పెద్దలు అన్న భుజం మీద కొత్త తుండు వేశారు. ఆ ఏడాదికి దుందుభి మా ఇంట్లోనే ఉంటుందని దానర్థం.

జనం భోజనాలకు కదిలాక పలక తీసుకుందామని వెళ్ళాను. మట్టి తవ్వాను. లేదు. ఎవరో ఎత్తుకుపోయారనుకుని కంగారుపడి అటూ ఇటూ వెతుకుతుంటే మా వీరమ్మత్త పిలిచింది. మా నాయన చెల్లెలు ఆమె. దుందుభి ఇంటి ఆడవాళ్ళే ఆట నేలను ఊడ్చి నీళ్ళు చల్లాలి. ఆ పని ఏటా మా అత్తదే. ఊరొదిలి చాలా కాలమైంది, నాకు ఆ సంగతే గుర్తు రాలేదు. పొద్దున ఊడుస్తుంటే ఆమె చీపురుకు నా వైరు తగిలిందట.

"నీళ్ళు సల్లేకాడ కరెంటు వైరు పెట్టేది ఎవురురా? తీయించి బడి తిన్నె మీద పెట్టించినాను. అదీగాక, దుందుబి కొట్టేవోడి కాలికింద మన్నే ఉండాల" అంది.

బడి అరుగు మీదికి వెళ్ళి చూశాను. పలక గోడకు ఆనించి ఉంది. పలకకున్న బారెడు వైరును జాయింటు దగ్గర ఊడదీసి, చేంతాడు చుట్టినట్టు చక్కగా చుట్టి పక్కన పెట్టారు. ఎప్పుడు తీయించావని అత్తను మళ్ళీ అడిగాను. ఆట మొదలవ్వకముందే అంది. నేను నమ్మలేదు. అత్త మనవరాలు తన ఫోన్‌లో తీసిన వీడియో చూపించింది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ పలక పెకలించడం, ఆ గుంట పూడ్చి నీళ్ళు చల్లడం, ఆ తర్వాతెప్పటికో అన్న దుందుభి భుజాన వేసుకుని వచ్చి ఆ తడి మట్టి మీద నిలబడటం, అన్నీ అందులో ఉన్నాయి.

అంటే ఆటంతా నేను పంపిన గజ్జెల చప్పుడు మట్టిలో పడి ఉన్న వైరు కొసదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

అన్న భోజనం చేసి పందిరి కింద కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూడగానే పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బాగా పని సేసిందిరా నీ పెట్టి. మడమ కింద తట్టినట్టే ఉండినాది. అచ్చం నాయన మాదిరే ఎట్ట సేసినావు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మొహం చూసే కనిపెట్టి అన్న విడమరిచి చెప్పాడు. మిద్దె మీద చూపించినప్పుడు పాదమంతా గజగజ అదిరిందట. ఇక్కడ అలా లేదట. వేగం మారబోయే ముందు ఒక్కసారి, ఎడమ మడమ కింద, మెత్తగా ఒక దెబ్బ. పరుగెత్తబోతే ఇంకొకటి, ఆపుతున్నట్టుగా. చిన్నప్పుడు సాధన చేసేటప్పుడు నాయన వెనక నిలబడి తన మడమతో నేల మీద అలాగే తట్టేవాడట. ఆ సంగతి నాకెవరు చెప్పారని అన్న అడుగుతున్నాడు.

నాకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట వినడం అదే మొదలు. నేను పంపించిందీ, అన్నకు అందకుండా పోయిందీ అడుగడుక్కీ మోగే గజ్జెల చప్పుడు మాత్రమే.

మైకు విప్పడానికి వెళ్ళినప్పుడు కామయ్య మామను మాటల్లో పెట్టి అడిగాను. నిజమేనన్నాడు. నాయన పొలం గట్టున అన్నను ముందు నిలబెట్టి, తను వెనక నిలబడి మడమతో తాళం చెప్పేవాడని, నోటితో చెప్పింది తక్కువని అన్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. వేరే కారణం కోసం చాలా వెతికాను. ఆటగాళ్ళ అడుగులే నేలలోంచి అన్న కాలికి తెలిసి ఉంటాయనుకున్నాను. పండగ మరునాడు నలుగురిని బతిమాలి గజ్జెలు కట్టించి, అదే చోట చెప్పుల్లేకుండా నిలబడ్డాను. మట్టి మెత్తగా ఉంది, నాకేమీ తెలియలేదు. ఆ రోజు మిక్సర్‌లో రికార్డు చేసింది ఎన్నిసార్లు విన్నానో. అన్న గజ్జెల వెంట వెళ్ళడం లేదు. గజ్జెలే అన్న వెంట వస్తున్నాయి. ధైర్యం వస్తే మనిషి వాయిస్తాడు, అంతా అన్న మనసు చేసిన పనే అని మా కీబోర్డు అతను అంటాడు. కావచ్చు. చెవులు సరిగ్గా ఉన్న రోజుల్లో కూడా మా అన్న అంత బాగా వాయించలేదే అన్నదే నా ప్రశ్న.

అన్నకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు మథనపడ్డాను. చివరికి విరుదునగర్ వెళ్ళి వీడియో చూపించి చెప్పేశాను. ఫోన్ నా చేతికిచ్చి చాలాసేపు తన కాళ్ళవైపు చూసుకున్నాడు. భయపడతాడేమో అనుకున్నాను. భయపడలేదు.

"నాయనకు ఇంక కస్టం ఇయ్యకూడదురా. పద, సెవి డాక్టరు కాడికి పోదాం" అన్నాడు.

ఆ వారమే వెళ్ళాం. మిషన్ పెట్టుకుని అన్నే నేరుగా పెద్దల ముందు నిలబడి, ఇదీ సంగతి, ఇష్టమైతే ఉంచండి, లేదంటే దుందుభి తీసుకోండి అని చెప్పాడు. చెవికి మిషన్ ఉంటే ఏం, చెయ్యి వాళ్ళ నాయనదే గదా అని కామయ్య మామ అన్నాడు. అంతటితో ఆ మాట ముగిసింది. ఇన్నాళ్ళు దాచుకుని కుమిలిపోయిన సంగతి అంత తేలిగ్గా తేలిపోతుందని మేమిద్దరం అనుకోలేదు.

తర్వాతి పండగకు నేను పలకలూ వైర్లూ ఏమీ తీసుకెళ్ళలేదు. అన్న మిషన్ పెట్టుకుని వాయించాడు. బాగా వాయించాడు. ఒకచోట కొంచెం తడబడి, విని, సర్దుకున్నాడు. మామూలు మంచి వాద్యగాడు వాయించినట్టు వాయించాడు. ఆట ముగిశాక నేను ఆగలేక, ఈసారి కూడా మడమ కింద తట్టిందా అని అడిగాను.

అన్న తల అడ్డంగా ఊపాడు. ముఖంలో దిగులేమీ లేదు.

"లేదురా. ఇప్పుడు నాకే ఇనబడతాది గదా. ఇంక నాయన ఎందుకు నిలబడాల, పాపం."

ఆ రోజు తడి మట్టిలోంచి మా అన్న కాలికి తాళం అందించింది ఏమిటో నేను ఇప్పటికీ చెప్పలేను. ఏ వైరూ పట్టుకుని చూపించలేను. దుందుభి మా ఇంట్లో ఉంది, అన్న తలెత్తుకుని తిరుగుతున్నాడు. ఎవరి దయో తెలియదు గానీ, తలచుకున్నప్పుడల్లా నాకు తెలియకుండానే చేతులు జోడిస్తున్నాను.