షైనీ కాలు అందేంత దూరం

మహానంద ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. షైనీ ఐదడుగుల ఎనిమిది. తూకం యంత్రం ఎక్కిస్తే మాత్రం ఇద్దరూ యాభై నాలుగు కిలోలే. కరాటే పోటీల్లో ఎత్తు ఎవరూ అడగరు, బరువు చూసి జత కడతారు. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గానీ, తనకన్నా జానెడు పొడుగున్న మనిషి చేత ఏనాడూ తన్నులు తిని ఉండడు.

మహానంద తింది. ఒకటీ రెండూ కాదు, మూడేళ్లు తింది.

ఆమెది ధన్నూర అనే పల్లె. తండ్రి గుండప్పకు మూడెకరాల కంది చేను ఉంది. పీయూసీ చదువు అయ్యాక బీదర్ వచ్చి, అక్కడి చిద్రి పేటలో మేనత్త తాయవ్వ ఇంట్లో ఉంటూ, పెట్రోల్ బంకులో పనికి కుదిరింది. ఒకరోజు బండి మీద వచ్చినవాడొకడు పెట్రోలు తక్కువ పోశావంటూ చెయ్యెత్తాడు. మేనేజర్ పరుగున వచ్చి, వాణ్ణి కాదు, మహానందనే సారీ చెప్పమన్నాడు. చెప్పింది. కొట్టబోయినవాడి మీదకన్నా, సారీ అన్న తన నోటి మీద ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ వారమే సిమెంటు కొట్టు పైనున్న హాల్లో జీవరాజ్ సారు నడిపే కరాటే క్లాసులో చేరింది.

అక్కడ అప్పటికే షైనీ ఉంది. నర్సింగు చదువుతున్న పిల్ల, మంచిదే. కాలు లేపితే సీలింగు ఫ్యానును పలకరించేలా ఉంటుంది. సారుకు ఆమె మీద ఎన్నో ఆశలు. మహానంద చేరిన నెలకే చాప మీద ఒక ఎర్ర పట్టీ అతికించి, ఆమెను దాని మీద నిలబెట్టాడు.

"ఇది నీ జాగ. ముందట్కి రాకు, ఎన్కకు పోకు. షైనీ తంతది, నువ్వు చేతులడ్డం పెట్టు. నీకు ధైర్యం వస్తది" అన్నాడు.

వెర్రి మనిషి, నమ్మింది. నమ్మడమే కాదు, ఇంటికి పోయి మురిసిపోతూ చెప్పుకుంది. "అత్తా, హాల్ల నా ఒక్కదానికే జాగ ఇచ్చిండు సారు." తాయవ్వ ఆమె భుజానికి ఉప్పు కాపడం పెడుతూ, "గా జాగల ఏముందో గని, దినాం నీ ఒళ్లు కమిలిపోయి వస్తాంది" అంది. ఆ ముసలామెకు అర్థమైన పాటి మహానందకు అర్థమై ఉంటే ఈ కథే లేదు.

మొన్న శనివారం సాయంత్రం జిల్లా పోటీల జాబితా గోడ మీద అంటించారు. ఒక్కో క్లాసు నుంచి ఒక్కో బరువుకు ఒక్కరే. యాభై ఐదు కిలోల లోపు అన్నచోట షైనీ పేరుంది. మహానంద బంకు యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చి, జాబితాను రెండుసార్లు చదివింది. మూడేళ్లుగా ఆమె అడిగింది ఒక్కటే: ఒక్కసారి తన పేరుతో బరిలోకి దిగాలని. వచ్చే ఏడాది పెళ్లి మాటలంటున్నారు ఇంట్లో, మళ్లీ అవకాశం వస్తుందో రాదో.

"సార్, నా పేరెందుకు లేదు?"

జీవరాజ్ సారు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. "నీ ఎత్తుకు జిల్లా ఎందుకమ్మా? నువ్వు కూడ పోటీకి తయారైతే షైనీకి ప్రాక్టీస్ ఎట్లయితది?"

నోరు జారిందని ఆయనకు తెలియనే లేదు. మహానందకు తెలిసింది. గిరుక్కున తిరిగి ఎర్ర పట్టీ మీదికి పోయి నిలబడింది.

"షైనీ, జర కాలు లేపు. చాపి అట్లనే పట్టుకో."

షైనీ లేపింది. మడమ సరిగ్గా వచ్చి మహానంద రొమ్మును తాకింది. మహానంద ఒక అడుగు వెనక్కి వేసింది, కాలు అందలేదు. ఈసారి అడుగున్నర ముందుకు వేసింది. షైనీ మోకాలు మడతపడి, కాలు ఎటూ చాపలేక ఒంటి కాలి మీద తూలింది.

అంటే దెబ్బ తగిలే చోటు ఆ హాలంతటికీ ఒక్కటే. వెతికి వెతికి అక్కడే తనను మూడేళ్లు నిలబెట్టాడు. ధైర్యం కోసమట! మహానందకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేనేమన్న ఇసుక సంచినా సార్? మూడేండ్లు నన్ను సంచి లెక్క ఏలాడదీస్తివి. ఇప్పుడు షైనీతోటి నాకు ఆట పెట్టు. ముందుగాల మూడు పాయింట్లు ఎవలకొస్తే ఆళ్ల పేరు రాయి."

ఇన్నాళ్లూ మీరు అన్న మనిషి ఒక్కసారిగా నువ్వు అంది. ఇరవై మంది చూస్తున్నారు. కాదంటే పరువు పోతుంది, అవునంటే పోయేదేమీ లేదనుకున్నాడు సారు. "సరే, నీ సరదా తీరుతది" అని ఈల నోట్లో పెట్టుకున్నాడు.

కోపం మనిషిని ముందుకు తోస్తుంది గానీ దారి చూపించదు. మహానంద తల వంచుకుని నేరుగా దూసుకుపోయింది. షైనీ కాలు ఎదురొచ్చి పొట్టలో తగిలింది. ఒకటి. లేచి మళ్లీ అలాగే పోయింది, మళ్లీ అలాగే తింది. రెండు. ఎవరో కిసుక్కున నవ్వారు.

మహానంద పళ్లు నూరుతూ నిలబడింది. ఈసారి తాను పోలేదు, కాలును రానిచ్చింది. అర అడుగు వెనక్కి జరిగితే అది గాలిని తన్నింది. వెళ్లిన కాలు వెనక్కి రావాలి కదా, అది నేల మీద ఆనేలోపే దాని వెంటే లోపలికి దూరింది. అంత దగ్గరికి వస్తే పొడుగు కాళ్లు, పొడుగు చేతులు ఎందుకూ కొరగావు. పక్కటెముకల మీద గుద్దు ఠపీమని మోగింది. మరోసారి కాలు వచ్చింది, ఈసారి పక్కకు తప్పుకుని దూరి కొట్టింది. ఇద్దరికీ రెండేసి.

"ఆగు ఆగు!" సారు ఈల ఊదాడు. "పోటీల్కి పోయే పిల్ల. ఎముక విరిగితే ఎవలు జిమ్మేదార్?"

మూడేళ్లలో మహానంద ఎముకల గురించి ఈ ఈల ఒక్కసారి కూడా మోగలేదు. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయింది, కానీ ముందు షైనీయే అంది, రొప్పుతూ. "ఆపకుండ్రి సార్. ఇన్నొద్దులు అక్క తిరిగి కొట్టలే కాబట్టి గెలుస్తున్నానని ఇప్పుడే తెలుస్తాంది నాకు."

ఆట సాగింది. షైనీ ఇప్పుడు తొందరపడలేదు. రెండుసార్లు కాలు లేపినట్టే లేపి దించింది. మహానంద కదల్లేదు. మూడోసారి నిజంగానే తన్నింది. మహానంద భుజంతో దాన్ని పక్కకు నెట్టి, ఛాతీ ఛాతీకి తగిలేంత దగ్గరగా పోయి కొట్టింది. ఇరవై మందీ ఒక్కసారిగా అరిచారు.

సారు ముఖం మాడిపోయింది. అయినా అందరి ముందు ఇచ్చిన మాట. పెన్ను తీసి షైనీ పేరు కొట్టేసి మహానంద అని రాశాడు. పెన్ను మూత పెట్టేలోపే ఆయన మనసు కూడా మారిపోయింది. గెలిచే మనిషి ఎవరైతే ఆయనకేం?

"బరాబర్ కొట్టినవ్ మహానందా. రేపటి సంది నిన్ను తయారు చేస్త. షైనీ, నువ్వు అక్కకు ఎదురుంగ నిలవడాలె. తంతే అడ్డం పెట్టు, తిరిగి కొట్టకు."

షైనీ తల వంచుకుని "సరే సార్" అంది. ఎదురు చెప్పకుండా, మారు అడగకుండా, మూడేళ్ల కింద మహానంద అన్నట్టే అంది.

పేరు ఎక్కింది. సంతోషించాల్సిన మనిషికి అంతకు ముందుకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

"నిలవడదు సార్. కొడ్తది. నేను కూడ కొడ్త. నీకు సంచి కావాలంటే దుకాన్ల కొనుక్కో పో" అని షైనీ వైపు తిరిగింది. "తల లేపు పిల్లా. రా, కాలు లేపు."

షైనీ కళ్లు తుడుచుకుని నిలబడింది. ఒక్క క్షణం సందేహించి, తర్వాత బలమంతా పెట్టి తన్నింది. భుజం జివ్వుమంది. ఆ దెబ్బకు మాత్రం మహానందకు కోపం రాలేదు.