ఏడేళ్ల చేతికి సరిపడే బ్యాటు

నల్లగొండలో పిల్లలకు టేబుల్ టెన్నిస్ బ్యాటు కొనాలంటే ఒకప్పుడు దుకాణానికి వెళ్లేముందు ఇస్రాయేలు దగ్గరికి వెళ్లేవాళ్లు. ఆయన పేరున్న ఆటగాడేమీ కాదు. ఆఫీసర్ల క్లబ్బులో ముప్ఫై ఒక్క సంవత్సరాలు మార్కర్‌గా పనిచేశాడు. మార్కర్ అనే పేరు గొప్పగానే ఉంటుంది. పని మాత్రం సాయంత్రం ఐదింటికి టేబుల్ తుడవడం, నెట్ బిగించడం, మూలమూలకూ దొర్లిపోయిన బంతులు ఏరుకు రావడం. సార్లు ఇద్దరుంటే పక్కన నిలబడి పాయింట్లు చెప్పాలి. ఒక్కరే ఉంటే ఎదురుగా నిలబడి ఆడాలి, ఆడినా గెలవకూడదు. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. అది ఆయనకు బాగా వచ్చు.

ఎవరైనా సారు తన పిల్లాణ్ణి వెంటబెట్టుకొచ్చి, వీడికో బ్యాటు చూడవయ్యా అంటే, ఆయన ముందుగా బ్యాట్ల మాట ఎత్తేవాడు కాదు. పిల్లవాడి ముందు గొంతుక్కూర్చుని రెండు వేళ్లు చాపి, “పట్టు బాబూ, గట్టిగ పట్టు” అనేవాడు. ఆ పిడికిలి తన వేళ్ల చుట్టూ ఎంతవరకు వచ్చిందో చూసుకుంటే చాలు, పిడి ఎంత సన్నగా ఉండాలో తెలిసిపోయేది. చెక్క తేలికగా ఉండాలి, బరువైతే మణికట్టు పోతుంది. రబ్బరు కింద స్పాంజి పలచగా ఉండాలి. మందంగా ఉంటే బంతి ఇష్టమొచ్చినట్టు ఎగిరిపోతుంది, దాన్ని ఆపే తిప్పలలో పిల్లలు కొట్టడమే మరిచిపోతారు. టేబుల్ అందకపోతే కాళ్ల కింద పీట వేయాలే తప్ప చెయ్యి పైకెత్తి ఆడించకూడదు. ఇవన్నీ ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. ముప్ఫై ఏళ్లు కళ్లప్పగించి చూసి నేర్చుకున్నాడు.

తల్లిదండ్రులు మాత్రం, ఎదిగే పిల్లాడు కదా, కాస్త పెద్దదే చూడు, నాలుగేళ్లు వస్తుంది అనేవాళ్లు. మనవాళ్లకు అంగీ కొన్నా, చెప్పులు కొన్నా అదే లెక్క. పిల్లలు బట్టల్లోకి ఎదిగేసరికి బట్టలు చిరిగిపోయి ఉంటాయి. “సార్, అంగీ అయితే మడిచి కుడతం, చెయ్యిని సాగదీయలేం గద” అనేవాడు ఇస్రాయేలు చేతులు కట్టుకునే. జిల్లా మొత్తాన్ని గడగడలాడించే సార్లు కూడా ఈ ఒక్క విషయంలో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు కాదు.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు జిల్లా మూడు ముక్కలైంది. భువనగిరి ఒకటి, సూర్యాపేట ఒకటి విడిపోయాక సార్లు సగం మంది అటూ ఇటూ సర్దుకున్నారు. క్లబ్బులో సాయంత్రాలు పలచబడ్డాయి. టేబుల్ మీద దుమ్ము తుడవడమే తప్ప ఆడేవాళ్లు తక్కువైన రోజుల్లో ఇస్రాయేలు పని మానేసి ఇంటికొచ్చాడు. వచ్చిన రెండో ఏడాది, కరోనా రెండోసారి ఊళ్లమీద పడినప్పుడు, ఆయన భార్య పుల్లమ్మ దవాఖానకు పోయి మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి ఆయన మనసుకు ఏదీ తగలడం మానేసింది. ఏడవలేదు. చర్చిలో పాస్టరుగారు భుజం మీద చెయ్యివేసి, “ఏడువు ఇస్రాయేలూ, జర తేలికైతది” అంటే, ఏడవడానికి ప్రయత్నించి చూశాడు కూడా. రాలేదు. అన్నం పెడితే తినేవాడు, కూరలో ఉప్పు మరిచిపోయినా తినేవాడు. చాయ్ చల్లారి మీగడ కట్టాక తాగేవాడు. దుఃఖం అనుకుందామంటే దుఃఖానికి కొంత బరువైనా ఉంటుంది. ఇది పక్కమీద ఒత్తుకుని తిమ్మిరెక్కిన చెయ్యిలా ఉంది. తనదే, కానీ తనది కాదు.

కొడుకు సునీల్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్. కట్టంగూర్‌లో డ్యూటీ, నల్లగొండలో కిరాయి ఇల్లు. కోడలు కోమల ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతుంది. వాళ్లకొక్కతే కూతురు, గ్లోరీ, ఏడేళ్లది. పుల్లమ్మ పోయాక ఇస్రాయేలు వాళ్ల దగ్గరే ఉంటున్నాడు. తండ్రీకొడుకుల మధ్య గొడవలేమీ లేవు. మాటలూ లేవు. పుల్లమ్మ ఉన్నన్నాళ్లూ తండ్రి మాట కొడుకుకు, కొడుకు మాట తండ్రికి మోసేది. ఇప్పుడా మోసే మనిషి లేదు.

మరుసటి ఎండాకాలం ఒక రాత్రి అన్నాల దగ్గర కోమల మెల్లగా కదిపింది. “మామా, గ్లోరీని టీటీ క్యాంపుల చేర్పించిన. సోమవారం నుంచి బ్యాటు ఎవలది వాళ్లే తెచ్చుకోవాల్నంట. మీరే జర చూసియ్యుండ్రి.”

ఇస్రాయేలు తల ఊపేలోపే సునీల్ కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు. “ఎవలన్న కొనియ్యుండ్రి. నాయిన మాత్రం వద్దు.”

కోమల చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. “గదేం మాట? ఊరందరికీ చూసిచ్చిన మనిషి, ఇంట్ల పిల్లకు చూసియ్యొద్దా?”

“గందుకే వద్దంటున్న.”

ఇస్రాయేలు చెయ్యి కడుక్కుని బయట అరుగు మీద కూర్చున్నాడు. జీవితంలో ఆయనకు పూర్తిగా తెలిసిన పని అదొక్కటే. సొంత మనవరాలికి ఆ పని చేయొద్దని కొడుకే అన్నాడు. అది చిన్న దెబ్బేమీ కాదని ఆయనకు తెలుస్తోంది. తెలుస్తోంది గానీ తగలడం లేదు. ఇది కూడా తగలకపోతే ఇక తగిలేదేముంది అనుకున్నాడు, ఎవరి సంగతో అనుకున్నట్టు.

లోపల సునీల్ చెబుతున్నాడు. తండ్రికి వినబడుతుందని తెలిసే చెబుతున్నాడు.

“నాకు ఎనిమిదేండ్లప్పుడు ఒక బ్యాటు తెచ్చిండు. బదిలీ మీద పోతున్న పెద్దసారు ఇడిసిపెట్టి పోయింది. గా పిడి నా చేతిల పట్టకపోయేది. రెండు చేతులతోటి పట్టుకొని ఆడేటోన్ని. మండలం ఆటలకు పోతే ‘రెండు చేతులోడు’ అని గంత మంది నవ్విండ్రు. గంతే, మళ్ల టేబుల్ దిక్కు పోలే. రోజూ క్లబ్బు కిటికీ కాడ నిలబడి చూసేటోన్ని కోమలా. సారోళ్ల పిల్లలకు ఒక్కొక్కలకు చెయ్యి కొలిచి కొలిచి చెప్పేటోడు. నా చెయ్యి ఒక్కనాడు కొలువలే.”

నిజమే అనుకున్నాడు ఇస్రాయేలు. కొలవలేదు. అంతకుమించి లోపల ఏమీ కదల్లేదు. కాసేపటికి చాప పరుచుకుని పడుకున్నాడు, నిద్ర కూడా పట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సునీల్, కోమల, గ్లోరీ దుకాణానికి బయలుదేరారు. తాత వస్తేనే వస్తానని గ్లోరీ చర్చి గేటు పట్టుకుని నిలబడింది. సునీల్ అవునూ అనలేదు, కాదూ అనలేదు. కోమల ఆటోలో జరిగి చోటిచ్చింది. దుకాణంలో నోరు విప్పకూడదని ఇస్రాయేలు దారిలోనే గట్టిగా అనుకున్నాడు. కొడుకు తన ఇష్టప్రకారం కొననీ, తనకెందుకు?

దుకాణం గడియారం సెంటర్ దగ్గర. యజమాని రఘుపతి ఇస్రాయేలును చూడగానే లేచి నిలబడ్డాడు. “అన్నా! ఎన్నాళ్లకు! కూసో కూసో. పాపకేనా?” అంటూ నాలుగు బ్యాట్లు అద్దాల బల్ల మీద పరిచి, అలవాటు కొద్దీ ఆయన ముఖంలోకి చూశాడు. ఇస్రాయేలు గోడమీద వేలాడుతున్న క్యారంబోర్డుల వంక చూస్తూ కూర్చున్నాడు.

“నాకు చెప్పుండ్రి, కొనేది నేను,” అన్నాడు సునీల్. “ఇవి కాదు. మీ దుకాణంల అన్నింటికన్న మంచిది ఏదుంటే గది తియ్యుండ్రి. నా బిడ్డకు ఎవలో వాడింది వద్దు, ఎవలో వద్దన్నది వద్దు.”

రఘుపతి మరోసారి ఇస్రాయేలు వైపు చూసి, జవాబు రాకపోయేసరికి బీరువా తాళం తీశాడు. జిప్పు సంచిలో ఉన్న బ్యాటు. ఎర్రటి రబ్బరు అద్దంలా మెరుస్తోంది. స్పాంజి వేలి మందం ఉందా అనిపించేటట్టు ఉంది. పోటీల్లో ఆడే పెద్దవాళ్ల బ్యాటు అది. సునీల్ ముఖం వెలిగింది. ఆ ముఖంలో అంత వెలుగు చూసి చాలా ఏళ్లయిందని ఇస్రాయేలుకు అనిపించింది. సునీల్ దాన్ని గ్లోరీ చేతికిచ్చి, రఘుపతితో బంతుల సంగతి మాట్లాడటానికి అటు తిరిగాడు.

గ్లోరీ మణికట్టు కిందికి వాలింది. పిల్ల పెదవి కొరుక్కుంటూ మళ్లీ ఎత్తింది. మళ్లీ వాలింది. చివరికి ఎడమ చెయ్యి కూడా తెచ్చి పిడి కింద పెట్టింది.

సునీల్ చూడలేదు. కోమల చూసినా దానికేమర్థమో ఆమెకు తెలియదు. చూసి అర్థం చేసుకున్న మనిషి ఆ దుకాణంలో ఒక్కడే.

మాట్లాడకుండా కూర్చుంటే గొడవే లేదు. తనకు దక్కనిది కూతురికి ఇచ్చానన్న తృప్తితో కొడుకు ఇంటికొస్తాడు. వద్దని అంటే మాత్రం, మళ్లీ మనవాళ్లకు చవకదే చూస్తున్నావా అంటాడు. ఆ మాట అన్నాక ఇక ఈ జన్మకు తండ్రితో మాట్లాడడేమో కూడా. ఇస్రాయేలుకు భయం వేసింది. ఏడాదిగా ఆయనకు వేసిన మొదటి భయం అది.

“సునీలూ,” అన్నాడు. “గది వద్దు బిడ్డా.”

సునీల్ మెల్లగా వెనక్కి తిరిగాడు. “ఏం? మనోళ్లకు గింత మంచిది ఎందుకనా?”

“కాదు. నీకు తెచ్చింది సుత గిసొంటిదే. గా దినాలల్ల గంతకన్న మంచి బ్యాటు నల్లగొండల లేకుండె. పెద్దోళ్లు ఆడే బ్యాటు. బరువు. పిల్లను చూడు, రెండు చేతులు పెట్టింది.”

సునీల్ చూశాడు. అందరూ తనవైపే చూస్తుంటే గ్లోరీ ఏదో తప్పు చేశాననుకుని బ్యాటును వీపు వెనక దాచుకుంది. దాచుకున్నది కూడా రెండు చేతులతోనే.

సునీల్ ముఖంలో వెలుగు పోయింది. బ్యాటును కూతురి చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు. తర్వాత అడిగాడు, “బరువని గప్పుడు నీకు ఎర్కనా?”

తెలియదంటే సరిపోయేది. ఎవరూ కాదనే వీల్లేదు.

“ఎర్కనే.”

“మరి?”

“గంత పెద్దసారు బ్యాటు నా కొడుకు చేతులకు వచ్చిందని మురిసిన బిడ్డా. సారు వద్దని పారేస్తున్నదాన్ని సుత దండం పెట్టి అడుక్కొని తెచ్చిన. నాకు గా బ్యాటే కనపడ్డది. నీ చెయ్యి కనపడలే.”

ఇన్ని మాటలు ఆయన తన జీవితంలో కొడుకుతో ఎన్నడూ అనలేదు. అనేసి లేచాడు. గ్లోరీ ముందు గొంతుక్కూర్చుని రెండు వేళ్లు చాపి పట్టుకోమన్నాడు. పిల్ల పట్టుకుంది. రఘుపతి మొదట పరిచిన నాలుగింటిలోంచి ఒకటి తీశాడు. మెరుపు లేదు, జిప్పు సంచి లేదు. సన్నటి పిడి, తేలికపాటి చెక్క, పలచటి స్పాంజి. బంతిని దానిమీద రెండుసార్లు ఎగరేసి చప్పుడు విన్నాడు. పిల్లకు ఇవ్వలేదు. కొడుకు ముందు పెట్టాడు.

సునీల్ దాన్ని అందుకున్నాడు. స్తంభాలెక్కి తీగలు లాగే ఆ చేతిలో పిడి మూడు వేళ్లకే అయిపోయింది.

“గిసొంటివి గప్పుడు ఉండెనా?”

రఘుపతి మంచివాడు. తండ్రీకొడుకుల మధ్య ఏదో తెగేలా ఉందని పసిగట్టి అడ్డం పడబోయాడు. “ఎక్కడియి తమ్మీ, గా కాలంల...”

“ఉండె,” అన్నాడు ఇస్రాయేలు. “గీ దుకాణంలనే ఉండె. రఘుపతి వాళ్ల బాపు గోపయ్య అమ్మేటోడు. సారోళ్ల పిల్లలకు నేనే తీస్కపోయి ఇచ్చేటోన్ని.”

రఘుపతి నోరు మూసుకుని తీసిన డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు. కోమల భర్త మోచేతి మీద చెయ్యి వేసింది. ఇస్రాయేలు తిట్టు కోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండును అనిపించింది.

సునీల్ తిట్టలేదు. చిన్న బ్యాటును కూతురి చేతికిచ్చాడు. పిల్ల దాన్ని ఒంటిచేత్తో పైకెత్తి, కిందికి దించి, అటూ ఇటూ విసిరి చూసుకుంది.

“డాడీ, గిది నాకు మంచిగ పడ్తాంది!”

“గిదే ఇయ్యుండ్రి,” అన్నాడు సునీల్ రఘుపతితో.

గ్లోరీ తండ్రి ప్యాంటు పట్టుకుని లాగింది. “డాడీ, ఎట్ల పట్టుకోవాలె? చూపియ్యవా?”

సునీల్ బ్యాటు అందుకోబోయి ఆగాడు. తన అరచేతిని తనే ఒకసారి చూసుకున్నాడు. అప్పుడు తండ్రివైపు తిరిగాడు.

“నువ్వు చూపియ్యి నాయినా. నాకు రాదు.”

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఇస్రాయేలు తట్టుకునేవాడు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఊళ్లోవాళ్ల పిల్లలందరికీ చూపించిన మనిషి కొడుకు, ముప్ఫై నాలుగేళ్లవాడు, నాకు రాదు అంటున్నాడు. ఇస్రాయేలు దుకాణం నేలమీద కూలబడినట్టు కూర్చున్నాడు. పిల్ల చెయ్యి అందుకుని, బొటనవేలు ఇక్కడ, చూపుడువేలు ఇక్కడ అని చెప్పబోయాడు. పుల్లమ్మ మీద మట్టి వేసిన రోజు రాని ఏడుపు, పాస్టరుగారు అడిగినా రాని ఏడుపు, క్రికెట్ బ్యాట్లకూ క్యారంబోర్డులకూ మధ్య అందరి ముందూ వచ్చింది. వెక్కివెక్కి ఏడ్చాడు. గ్లోరీ బిత్తరపోయింది గానీ చెయ్యి మాత్రం తీసేసుకోలేదు.

సునీల్ ఊరుకోమనలేదు, లేవదీయలేదు. కూతురి పక్కన తానూ గొంతుక్కూర్చుని, తండ్రి చూపించేదాకా ఆగాడు.